ఇంట్లో ఎవరూ చదవకపోయినా సరే
(తొమ్మిదో భాగం)

“ముందు ఆ బోర్డు దింపించండి. తర్వాతే మాటలు.”

చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకి వచ్చేసింది రచయిత్రి. కళ్లద్దాల షాపులో డ్యూటీకని బయల్దేరిన మనిషి సగం దారిలోంచి వెనక్కి తిరిగొచ్చింది. భుజాన బ్యాగు అలాగే ఉంది, చేతిలో లంచ్ బాక్సు అలాగే ఉంది. మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

పెరట్లో కుంచెలు కడుక్కుంటున్న భర్త తలెత్తాడు. అందరూ ఆయన్ని బోర్డాయన అంటారు. కొట్టు ఎవరిదైనా దాని నెత్తిమీది అక్షరాలు మాత్రం ఆయనవే.

“ఏ బోర్డు?” అన్నాడు.

“తమరికి తెలీదా ఏ బోర్డో?”

కోపం వస్తే ఆమె నోట ‘మీరు’ కాస్తా ‘తమరు’ అయిపోతుంది. పెళ్లయిన కొత్తలో అది మర్యాద అనుకుని మురిసిపోయేవాడు పాపం. ఇప్పుడు ఆ మాట చెవిన పడితే చాలు, చేతిలో ఏ పనున్నా ఆపేస్తాడు.

“పుస్తకాల షాపుదా? బాగా రాలేదా? పసుపు మీద నలుపయితే దూరానికి కూడా కనిపిస్తుందని...”

“కనిపిస్తోంది! అటువైపు ఫుట్‌పాత్ మీదికి కూడా కనిపిస్తోంది! వెళ్లే బళ్లు ఆపి మరీ చదువుతున్నారు!”

అబద్ధం కాదు. మెయిన్ రోడ్డు మలుపులో, పుస్తకాల షాపు గుమ్మం పైన, మూరెడేసి అక్షరాల్లో ఇలా ఉంది:

నేను మంచి రచయిత్రిని.
నా నవల మంచి నవల.
ఇంట్లో ఎవరూ చదవకపోయినా సరే.

దాని కింద చిన్న అక్షరాల్లో, ‘ఈ సాయంత్రం రచయిత్రి ఇక్కడే ఉంటారు, రండి’ అని.

పై మూడు వాక్యాలూ వీధి కోసం పుట్టినవి కావు. ఆమె నవల అచ్చువేసింది ఆ పుస్తకాల షాపు పెద్దాయనే. పుస్తకం చేతిలో పెట్టిన రోజునే ఆమెకి రెండు పనులు పురమాయించాడు. పొద్దున్నే లేచి, తనకి ధైర్యం రావడానికి తన గురించి తానే నాలుగు మంచి మాటలు రాసుకోవాలి. సాయంత్రం ఫోన్లో నవల గురించి నలుగురికీ ఒక ముక్క చెప్పాలి. “రాయడం సగం పనేనమ్మా. రాశానని చెప్పుకోవడం మిగతా సగం. కూరల బండి వాడికి లేని సిగ్గు నీకెందుకు?” అన్నాడు.

సాయంత్రం పని ఆమెకి ఏ రోజూ సరిగ్గా కుదరలేదు. ‘నా నవల వచ్చింది’ అని మొదలుపెడుతుంది, ‘వీలుంటే చదవండి’ అని చేరుస్తుంది, ‘వీలు లేకపోయినా పర్వాలేదు’ అని ముగిస్తుంది. అలా అడిగితే ఎవరు కొంటారు?

పొద్దుటి పని మాత్రం పట్టుబడింది. మొదట్లో ‘నేను రాయగలను’ అని ఒక్క మాట, అదీ పెన్సిల్‌తో, ఎవరైనా చూస్తే చెరిపేయొచ్చని. రానురాను పెన్నుతో రాయడం మొదలుపెట్టింది. కాగితం బీరువా అద్దానికి అంటించి, జడ వేసుకుంటూ పెదాలు మాత్రం కదిపి చదువుకునేది. ఆ మూడో వాక్యం రాసిన రోజున కళ్లనీళ్లు పెట్టుకుంది. రాశాక గుండె తేలికపడింది. అలాంటి వాక్యం ఇప్పుడు వీధిన పడింది.

“నేనేమన్నాను? బోర్డుకి రాయాల్సింది అద్దం దగ్గర పెట్టానన్నాను. చేతులు కడుక్కునే చోట ఉన్న అద్దం! ‘ప్రతి ఇంటి కథ, ప్రతి మనసునీ తాకే నవల’ అని ఎంత చక్కగా రాసిపెట్టానో! తమరు వెళ్లి బీరువా మీద పడ్డారు. ఇంట్లో ఎవరూ చదవలేదని ఏ రచయిత్రయినా బోర్డు కట్టుకుంటుందా అండీ? ఆ మాత్రం తట్టలేదా?”

బోర్డాయన నీళ్లు నమిలాడు. కుంచె ఎప్పుడో శుభ్రమైపోయినా ఇంకా కడుగుతూనే ఉన్నాడు.

“ఏం రాశావురా?” వంటింటి గుమ్మంలోంచి వాళ్లమ్మ అడిగింది.

ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వీధిలో అందరికీ ఇప్పటికీ సిస్టరమ్మే. ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందు ఆవిడ చెయ్యి నుదుటి మీద పడాలి, ఆ తర్వాతే డాక్టరు.

కోడలే చెప్పింది, మూడు వాక్యాలూ. మూడోది చెబుతుంటే గొంతు తగ్గిపోయింది.

“ఇంట్లో ఎవరూ చదవకపోయినా అనా?”

“అవునత్తయ్యా.”

సిస్టరమ్మ చేతిలోని గ్లాసు గట్టు మీద పెట్టింది. తన గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుండిపోయింది.

“చూశారా?” అంది రచయిత్రి, గొంతు తగ్గించి. “అత్తయ్యకి బయట మొహం చెల్లకుండా చేశారు. ఏం సిస్టరమ్మా, కోడలి పుస్తకం నువ్వు కూడా చదవలేదా అని అడగరూ?”

అడిగితే మాత్రం ఆవిడ ఏం చెబుతుంది? నవల ఇంటికి తెచ్చిన రోజు నుంచీ ఆవిడది ఒకే పాట: “కళ్లు లాగుతున్నాయమ్మాయ్, నిదానంగా చదువుతాలే.” ఆ కళ్లకి అద్దాలు చేయించింది కోడలే, తన షాపులోనే, దగ్గర కూర్చోబెట్టుకుని ముక్కుకీ చెవులకీ సరిచూసి మరీ. వారపత్రికలో వంటల పేజీ నుంచి పెళ్లి సంబంధాల దాకా హాయిగా చదివేసే ఆ కళ్లు, కోడలి నవల దగ్గరికొచ్చేసరికే లాగేవి. ఇంటికిచ్చిన పుస్తకం టీవీ పక్కన నిలబడే ఉండేది, వచ్చినవాళ్లకి చూపించడానికి.

ఇంతలో ఫోను మోగింది. షాపు పెద్దాయన.

“ఏం రాశావమ్మా! ఇన్నాళ్లూ ఆ తెలివంతా ఎక్కడ దాచావు?”

“అది పొరపాటండీ. దయచేసి దింపించేయండి.”

“దింపడమా? పొద్దుట్నుంచీ నా గుమ్మం ఖాళీ ఉంటేగా! ఒకావిడ వచ్చి, మా ఇంట్లో కూడా నేనేం చేసినా ఎవరూ చూడరండీ, ఆ పుస్తకం ఇవ్వండి అని పట్టుకెళ్లింది. ఇంకొకాయన భార్యతో వచ్చాడు. బోర్డు చదివి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాటా పలుకూ లేకుండా తలా ఒకటి కొన్నారు!”

“నేను సాయంత్రం రాలేనండీ. ఆ బోర్డు కింద ఎలా నిలబడను?”

“నువ్వు రాకపోతే, వచ్చినవాళ్లని ఖాళీ కుర్చీతో మాట్లాడుకోమంటావా?” అని పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని తిన్నారుగానీ, గరిటెల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. బోర్డాయన మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఆమె వెనక్కి జరిపింది. మరుక్షణం పొలమారింది. అదే గ్లాసు అందుకుని తాగాల్సి వచ్చింది. నవ్వొచ్చినా ఆయన నవ్వలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం తెలివి సంపాదించాడు. సిస్టరమ్మ కంచంలోంచి తలెత్తలేదు.

చేతులు కడుక్కుంటూ రచయిత్రి అద్దం పక్కన చూసింది. తను పెట్టిన కాగితం పెట్టినట్టే ఉంది. ప్రతి ఇంటి కథ, ప్రతి మనసునీ తాకే నవల. దాని కింద, ‘ఈ సాయంత్రం రచయిత్రి ఇక్కడే ఉంటారు, రండి’.

చెయ్యి కుళాయి కింద అలాగే ఆగిపోయింది.

ఆ చివరి మాట బీరువా మీది కాగితంలో లేదు. ఇక్కడ మాత్రమే ఉంది. మరి బోర్డు మీదికి ఎలా వెళ్లింది?

తడి చేతులతోనే పెరట్లోని షెడ్డులోకి వెళ్లింది. బోర్డాయన ఏదో మందుల షాపు రేకు మీద సుద్ద పూసిన దారం లాగి గీతలు కొడుతున్నాడు.

“మీరు రెండు కాగితాలూ చూశారు.”

‘తమరు’ దిగి ‘మీరు’ అయినందుకు ఆయనకి ఊపిరి వచ్చింది. మిగతా మాట విన్నాక ఆ ఊపిరి మళ్లీ ఆగింది.

“చూశాను.”

“చూసి మరీ రాశారా?”

“ఊఁ.”

“పొద్దుట్నుంచీ పొరపాటని అరుస్తుంటే నోరు విప్పలేదేం?”

“అరవనిస్తే తగ్గుతావని.”

ఆమె పెయింటు డబ్బా ఒకటి లాక్కుని దాని మీద కూర్చుంది. అది కోపంగా కూర్చోవడమో, కాళ్లు లాగి కూర్చోవడమో ఆమెకే తెలీలేదు. “ఎందుకండీ?” అంది.

బోర్డాయన దారం చుట్టేసి పక్కన పెట్టాడు. “ఆ మొదటి కాగితం నువ్వు రాసినట్టు లేదు. ప్రతి మనసునీ తాకే... ఇలాంటివి నేను సబ్బులకీ అగరుబత్తులకీ బోలెడు రాశాను. రాస్తూ రాస్తూ నిద్రపోవచ్చు. రెండోది చదివితే నీ గొంతు వినపడింది. అందుకని అది రాశా.”

“సరే. మూడో వాక్యం వదిలేయొచ్చుగా?”

“వదిలేద్దామనే అనుకున్నా. రెండు రాసి కుంచె కడిగేశా కూడా. తర్వాత మనసొప్పలేదు. అది నన్నన్న మాట. నన్నన్న మాటని నేనే మింగేస్తే ఇంకేం ఉంది? మళ్లీ రంగు కలుపుకుని రాశా.”

మనిషి మీద ప్రేమా, అదే మనిషి మీద ఒళ్లుమంటా ఒకేసారి వస్తే ఏం చేస్తారు ఎవరైనా?

“అంత కష్టపడి బోర్డుకెక్కించే బదులు, చదివేస్తే సరిపోయేదిగా?”

గోడవతల ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు. అది స్టార్టవడం లేదు.

“భయం,” అన్నాడు చివరికి.

“దేనికి?”

“అందులో ఒక మొగుడున్నాడటగా.”

“ఉంటే?”

“మన బండి మెకానిక్ చదివాడు. చదివి నన్ను అదోలా చూశాడు.”

“వాడు చదివింది అట్ట వెనక నాలుగు లైన్లు. అదీ మనం ఉత్తినే ఇచ్చాం కాబట్టి!” పొద్దుట్నుంచీ మొదటిసారి ఆమెకి నవ్వాగలేదు. “అందులో మొగుడు ఓడలో పనిచేస్తాడండీ. నవల మొత్తానికీ రెండుసార్లు ఇంటికొస్తాడు. రెండోసారి అన్నం తిని వెళ్లిపోతాడు. అంతే.”

“అంతేనా?”

ఆ ‘అంతేనా’లో ఊరట ఎంత ఉందో నిరాశా అంతే ఉంది. అది విని ఆమెకి ఇంకా నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“మీరు చదవాలని రాశానండీ నేను. మీరూ, అత్తయ్యా. ఊరంతా చదివి మీరు చదవకపోతే నాకెందుకది? రోజూ అద్దం ముందు నిలబడి నేను మంచి రచయిత్రిని, మంచి రచయిత్రిని అని నాకు నేను చెప్పుకోవాల్సిన ఖర్మేంటి? మీలో ఒక్కరు ఒక్కసారి చెబితే చాలదూ?”

బోర్డాయన తల దించుకున్నాడు. తర్వాత లేచాడు. “సాయంత్రం వెళ్దాం. అక్కడే, నలుగురి ముందూ చదువుతా. పైకి.”

“మీరా? పైకా?”

“ఇంతింత అక్షరాలు రాసేవాణ్ణి, గట్టిగా చదవలేనా?”

సాయంత్రం వీళ్లిద్దరూ తయారయ్యేసరికి సిస్టరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

“మీరు కూడానా అత్తయ్యా?” ఆశ్చర్యపోయింది కోడలు.

“ఒక్కదాన్నీ ఇంట్లో కూర్చుని ఏం చేయను? పదండి,” అందిగానీ, దారిలో మళ్లీ నోరు విప్పలేదు. పొద్దుటి కోపం ఇంకా పోలేదు కాబోలనుకుంది కోడలు. మలుపు దగ్గర బోర్డు కనిపించినప్పుడు ఆవిడ ఆగి, అద్దాలు సర్దుకుని, మూడు వాక్యాలూ చదివింది. “అక్షరాలు బాగున్నాయిరా,” అని ముందుకు నడిచింది.

షాపు నిండిపోయింది. కుర్చీలు చాలక జనం పుస్తకాల ర్యాకుల మధ్య నిలబడ్డారు. ఫ్యాను తిరుగుతోందన్న మాటేగానీ గాలి పెద్దాయన బట్టతల దగ్గరే ఆగిపోతోంది. ఆయన మాత్రం చల్లగా ఉన్నాడు. ఎన్నికలప్పుడు సామాన్లు పంచినా ఇంతమంది రారని ఎవరితోనో అంటున్నాడు.

“బోర్డు మీది మాట మీ నోటితో ఒకసారి అనండి!” వెనకనుంచి ఒక అమ్మాయి అడిగింది.

రచయిత్రి లేచింది. ఇన్నాళ్లూ పెదాలతోనే అనుకున్న మాట గొంతులోంచి రావాలంటే వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. “నేను మంచి రచయిత్రిని,” అంది. ఎవరూ నవ్వలేదు. “నా నవల మంచి నవల.” ఈసారి గొంతు నిలబడింది. ‘వీలుంటే చదవండి’ అని చేర్చబుద్ధి కాలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఒళ్లంతా వేడెక్కింది, హాయిగా కూడా ఉంది.

“మరి మూడోదో?” ముందు వరసలో తెల్లచొక్కా ఆయన వదల్లేదు. “నిజంగానే ఇంట్లో ఎవరూ చదవలేదా అమ్మా?”

షాపంతా నవ్వింది. బోర్డాయన లేచి నిలబడ్డాడు.

“నిజమేనండీ. నేను ఈమె భర్తని. ఆ బోర్డు రాసింది నేనే. చదవనిది కూడా నేనే.” నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. ఆయన సంచీలోంచి పుస్తకం తీశాడు, ఇంట్లో టీవీ పక్కన ఉండేది. “ఇప్పుడు మీ అందరి ముందూ చదువుతాను.”

ఆమె ఆయన్నే చూస్తోంది. ఇంతకన్నా ఇంకేం కావాలి అనుకుంది. నిజంగా అనుకుంది.

మొదటి పేజీ తీద్దామని ఆయన పుస్తకం విప్పాడు. అది మొదటి పేజీ దగ్గర విడలేదు. ఎవరో మాటిమాటికీ తెరిచి పట్టుకుని వీపు విరిచినట్టు నడిమధ్యన ఒకచోట దానంతటదే విచ్చుకుంది. ఎక్కడైతేనేంలే అని ఆయన అక్కడే మొదలుపెట్టాడు, రేకు మీద రాసినంత నింపాదిగా, ఒక్కో మాటా విడదీసి.

“ఆ రోజు పాపని నిద్రపుచ్చి, టీచరమ్మ వీధి చివర వచ్చిన మొదటి బస్సు ఎక్కింది. ఎక్కడికని కండక్టరు అడిగితే, ఆఖరి స్టాపుకి అంది...”

అది ఏ పేజీయో రచయిత్రికి తెలిసిపోయింది.

ఈ ముక్క ఆమె ఊహించి రాసింది కాదు. తను ఆస్పత్రిలో పడి, బతుకు మీద విరక్తితో గోడవైపు తిరిగి పడుకున్న రోజున, అత్తగారు మంచం పక్కన కూర్చుని చెప్పింది. “పారిపోవాలనిపించడం తప్పు కాదమ్మాయ్. నేనూ ఒకసారి వెళ్లిపోయాను. వీడు పాకే వయసులో ఉన్నాడు. నిద్రలో వదిలేసి బస్సెక్కాను. ఆఖరి స్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొచ్చాను. ఈ సంగతి వాడికి తెలీదు. తెలియనివ్వకు.” ఆ మాటే ఆమెని లేపి కూర్చోబెట్టింది.

రాసేటప్పుడు నర్సుని టీచరు చేసింది, కొడుకుని కూతురు చేసింది. ఇక ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. తెలుసుకోగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరికీ కళ్లు లాగుతున్నాయి. ఎవరూ చదవలేదని ఇన్నాళ్లూ బాధపడిందిగానీ, ఆవిడ చదవలేదన్న ధీమా కూడా ఆ బాధ చాటునే ఉంది. ఆ సంగతి అద్దం ముందు ఒక్క రోజూ రాసుకోలేదు.

“...పాప లేచి ఏడుస్తుందేమోనని ఒక మనసు, ఏడవనీ అని ఒక మనసు...”

“ఆ పేజీ వద్దురా.”

గొంతు పెద్దదేం కాదు. అయినా అందరూ వెనక్కి తిరిగారు. తలుపు పక్క కుర్చీలో సిస్టరమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

“ఏం, అమ్మా?”

“వేరే పేజీ చదువు.”

“చదవనివ్వండమ్మా, బాగుంది!” అన్నాడు తెల్లచొక్కా ఆయన.

బోర్డాయన పేజీ మధ్యన వేలు పెట్టి వాళ్లమ్మ వైపు చూశాడు. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. “ఇందులో ఏముందో నీకెలా తెలుసు? నువ్వు చదివావా ఇది?”

సిస్టరమ్మ కొడుకుని చూడలేదు. కోడల్ని చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. కాళ్ల మీద పడటానికైనా దారి ఉండేది. ఆవిడ కోపమే లేకుండా అలా చూస్తుంటే కన్నీళ్లు కూడా రాలేదు.

“రెండుసార్లు చదివాను,” అంది సిస్టరమ్మ. “మంచి నవలే.”

రచయిత్రి తలుపు వైపు రెండడుగులు వేసి, ఇంతమంది మధ్యలో ఆగిపోయింది.

బోర్డాయన వాళ్లమ్మని చూశాడు, భార్యని చూశాడు. తర్వాత నెమ్మదిగా మళ్లీ ఆ పేజీ మీదికి తల వంచాడు. ఈసారి పైకి చదవడం లేదు.